ఇది ఎక్కడికీ వెళ్ళదా?

నైరుతి గాలి ఆగిపోయి, ఈశాన్యపు గాలి ఇంకా బలం పుంజుకోని రోజులు మన కోస్తా ప్రాంతంలో బహు కొద్ది. వాన వెలిసి ఉంటుంది, ఉక్క తగ్గి ఉంటుంది. తుఫాను ఏదీ రాకపోతే సముద్రపు ఒడ్డున నడవడానికి ఏడాది మొత్తంలో ఇంతకంటే మంచి రోజులు దొరకవు. అటువంటి ఒక అక్టోబరు నెలాఖరున ఫజ్ర్ నమాజు చేసుకుని మేము నలుగురం బాపట్ల నుంచి సూర్యలంక తీరానికి వెళ్ళాము. ముగ్గురం అరవై దాటినవాళ్ళం. మాలో ఒకరు సైన్సు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఇంకొకరికి క్రితం ఏడాది పక్షవాతం వచ్చి తగ్గింది గానీ ఎడమచెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. డాక్టరు ఆయన్ను రోజూ నడవమన్నారు. నాలుగోవాడు ఆయన మనవడు, తొమ్మిదేళ్ళవాడు. ఆ ఉదయం వాడు వేసిన ఒక ప్రశ్నకు మేము ముగ్గురం సరైన జవాబు చెప్పలేకపోయాము. ఇంటికి వచ్చిన తరువాత ఎంతో ఆలోచించి, పాఠకులతో పంచుకోవడం మంచిదనిపించి ఇది రాస్తున్నాము.

జనం తిరిగే చోటు వదిలి, సరుగుడు తోటల పక్కగా చాలా దూరం నడిచాము. తడి ఇసుక మీద ఎర్రపీతలు మా అడుగుల చప్పుడుకు బొరియల్లోకి దూరిపోతున్నాయి. అలల అంచున చిన్న చిన్న పిట్టలు ఇరవై ముప్పై దాకా ఉన్నాయి. అల వెనక్కి పోగానే దాని వెంట పరుగెత్తుతాయి, ఇసుకలో ముక్కు గుచ్చి ఏదో తీసుకుంటాయి, మళ్ళీ అల రాగానే కాళ్ళు తడవకుండా వెనక్కి పరుగెత్తుతాయి. ఊళ్ళో వీటన్నిటినీ కలిపి ఉల్లంకి పిట్టలు అంటారు. నిజానికి వీటిలో చాలా జాతులు ఉన్నాయి. ముక్కు కిందికి వంగి ఉన్న ఒక రకాన్ని మాస్టారు గుర్తుపట్టారు. అరవై గ్రాముల బరువైనా ఉంటుందో లేదో! అది పుట్టేది సైబీరియా ఉత్తరపు కొసన. అక్కడ మంచు కరిగి ఉండే కొద్ది వారాలలోనే గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసి, చలి ముదరకముందే దక్షిణానికి బయలుదేరుతుంది. పెద్ద పక్షులు ముందే వెళ్ళిపోతాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఆఖరున బయలుదేరతాయి, అంటే తల్లిదండ్రులు దారి చూపకుండానే వేలాది కిలోమీటర్లు ఎగిరి, ఎన్నడూ చూడని ఈ ఒడ్డుకు వస్తాయి. మాస్టారు ఈ సంగతి చెబుతున్నంతసేపూ పిల్లవాడు నోరు తెరిచి విన్నాడు. వాడి చేతిలో ఒక గులకరాయి ఉంది. పిట్టల మీదకు విసరడానికి తీసిన రాయే అది. విని, నీళ్ళలోకి విసిరేశాడు.

ఒడ్డుకు పైన, ఇసుక పొడిగా ఉన్నచోట చెవులపిల్లి తీగ పాకి ఉంది. ఆకు మేక డెక్కలా రెండుగా చీలి ఉంటుంది, ఊదారంగు పువ్వు పూస్తుంది. ఉప్పు గాలి, కాలే ఇసుక, మంచినీళ్ళ కరువు, ఏదీ దీనిని ఏమీ చేయలేదు. కణుపు కణుపుకీ వేరు దిగి ఇసుకను గట్టిగా పట్టుకుంటుంది. దాని పక్కనే రావణాసురుడి మీసాలు. ఆ గడ్డికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ చూసి పెట్టిన పేరే. ముళ్ళముళ్ళుగా ఉండే దాని విత్తుల బంతి తెగి, గాలికి ఇసుక మీద బంతిలాగే దొర్లుకుంటూ పోతుంది. పిల్లవాడు ఒకదాని వెంటబడి పట్టుకున్నాడు, వేళ్ళకు గుచ్చుకుంటే వదిలేశాడు.

ఎండ కాస్త పైకి వచ్చేసరికి తూనీగలు లేచాయి.

వందలు అనాలో వేలు అనాలో తెలియదు. పసుపు, ఎరుపు కలిసిన రంగు ఒళ్ళు, గాజు రెక్కలు. సరుగుడు తోట అంచున, మా తలల పైన అటూ ఇటూ తిరుగుతున్నాయి. పక్కనే కరెంటు తీగ మీద పసిరిక పిట్టలు వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒకటి రివ్వున ఎగిరి తూనీగను ముక్కున కరుచుకుని వచ్చి, తీగకు రెండుసార్లు కొట్టి మింగింది. పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. తరువాత వాడూ ఒకదానిని పట్టుకున్నాడు. పొద మీద వాలిన తూనీగ తోకను వెనకనుంచి రెండు వేళ్ళతో పట్టడం వాడికి ఎవరు నేర్పారో! జేబులోంచి గాలిపటం దారం ముక్క తీశాడు. మా ముగ్గురికీ నవ్వు వచ్చింది. ఆ దారం ఎందుకో మాకు బాగా తెలుసు. మన ఊళ్ళలో పుట్టి పెరిగినవాడు, తూనీగ తోకకు దారం కట్టి ఎగరేయనివాడు ఎవడున్నాడు?

అప్పుడు మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని వాడికి ఆ తూనీగ సంగతి చెప్పారు. హిందూ మహాసముద్రంలో మాల్దీవులు ఉన్నాయి. అవి పగడపు దీవులు, నేల మీద మంచినీటి చెరువులు, కుంటలు ఉండవని చెప్పవచ్చు. తూనీగ గుడ్డు పెట్టాలంటే మంచినీళ్ళు కావాలి. అయినా ఏటా అక్టోబరులో అక్కడ తూనీగలు గుంపులు గుంపులుగా దిగుతాయి. ఎక్కడినుంచి వస్తున్నాయి? ఆ దీవుల్లో ఉంటున్న చార్లెస్ ఆండర్సన్ అనే జీవశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి తేదీలు రాసుకుని 2009లో ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించాడు. ఆయన లెక్క ప్రకారం అవి మన దేశం నుంచి బయలుదేరి, ఈశాన్యపు గాలిని ఆసరా చేసుకుని, మాల్దీవులు, సీషెల్స్ దీవులు దాటి తూర్పు ఆఫ్రికా చేరతాయి. అక్కడి వానల నీటిలో గుడ్లు పెడతాయి. వాటి సంతానం తిరిగి మన వైపు వస్తుంది. ఒక చుట్టు పూర్తి కావడానికి నాలుగు తరాలు పడుతుంది, దూరం 14,000 నుంచి 18,000 కిలోమీటర్లు. వేలెడంత పురుగు! బయలుదేరినది తిరిగి రాదు, దాని మునిమనవలు వస్తాయి.

"ఇది కూడా ఆఫ్రికా వెళ్తుందా?" అన్నాడు పిల్లవాడు, చేతిలోని దానిని చూస్తూ.

"ఏది వెళ్తుందో ఎవరు చెప్పగలరు? వెళ్ళేవాటిలో ఇదీ ఉండవచ్చు" అన్నారు మాస్టారు.

వాడు వేళ్ళు విప్పాడు. అది ఒక క్షణం అరచేతిలోనే ఉండి, లేచి గుంపులో కలిసిపోయింది. దారం మళ్ళీ జేబులోకి పోయింది. మేము ఒకరినొకరు చూసుకున్నాము. పిల్లవాడికి మంచి పాఠం చెప్పామనుకున్నాము. ఆ తృప్తి పది నిమిషాలు కూడా నిలవలేదు.

సరుగుడు తోటలో నీడకు వెళ్ళి కూర్చున్నాము. రాలిన ఆకుల మధ్య రోకలిబండలు పాకుతున్నాయి. వానలు పడ్డాక తోటలో ఎక్కడ చూసినా అవే. పిల్లవాడు పుల్లతో ఒకదానిని పొడిచాడు. అది చుట్ట చుట్టుకుంది. దొర్లించాడు. అది విప్పుకుని నడవబోతే మళ్ళీ పొడిచాడు. వాళ్ళ తాత, "వద్దురా, పాపం" అన్నారు. వాడు తలెత్తి చాలా మామూలుగా అడిగాడు:

"ఇది ఎక్కడికి వెళ్తుంది తాతా?"

"ఎక్కడికీ వెళ్ళదు. ఇక్కడే ఉంటుంది."

"ఎక్కడికీ వెళ్ళదా?" అని, వాడు చెప్పు కాలు దాని మీద పెట్టబోయాడు.

మాస్టారు గబగబా అందుకున్నారు. రోకలిబండ రాలిన ఆకుల్ని తిని మట్టిని సారవంతం చేస్తుందని, అది లేకపోతే తోట కుళ్ళిపోని చెత్తతో నిండిపోతుందని చెప్పారు. వాడు కాలు ఆపి, చుట్టూ చూశాడు. పదుల సంఖ్యలో ఉన్నాయి. "ఇన్ని ఉన్నాయిగా. ఇదొక్కటి లేకపోతే ఏమవుతుంది?"

ఏమీ కాదు. నిజాయితీగా చెప్పాలంటే అదే జవాబు. ఆ ఒక్క రోకలిబండ చచ్చిపోతే తోటకు ఏమీ కాదు, మట్టికి ఏమీ కాదు, మనకు అసలే ఏమీ కాదు. వాడి లెక్కలో తప్పు లేదు. ఆ లెక్క మేము నేర్పినదే.

పాఠకులు కాస్త ఆలోచించాలి. ఉల్లంకి పిట్ట మీద రాయి వేయకూడదు, ఎందుకంటే అది సైబీరియా నుంచి వచ్చింది. తూనీగకు దారం కట్టకూడదు, ఎందుకంటే అది ఆఫ్రికా వెళ్తుంది. మేము వాడికి దయ నేర్పామనుకున్నాము. నేర్పింది ఆశ్చర్యం మాత్రమే. ఆశ్చర్యపరచిన ప్రాణి బతికింది, ఆశ్చర్యపరచలేని ప్రాణి చెప్పు కిందికి వచ్చింది. అంటే ప్రతి ప్రాణీ మన ముందుకు వచ్చి తన విద్యేదో ప్రదర్శించి, మన మెప్పు పొంది, బతకడానికి అనుమతి తీసుకోవాలన్నమాట!

ఆశ్చర్యం పనికిరాదని మేము అనడం లేదు. అది ఎంత పని చేస్తుందో నాగాలాండ్‌లో లోకమంతా చూసింది. అమూర్ డేగ అనే చిన్న డేగ తూర్పు ఆసియా నుంచి దక్షిణ ఆఫ్రికా దాకా ప్రయాణిస్తూ ఏటా శరదృతువులో అక్కడి దోయాంగ్ జలాశయం దగ్గర ఆగుతుంది. 2012లో అక్కడ ఆ డేగలను వలలు పన్ని పట్టి చంపారు. ఆ ఒక్క సీజనులో లక్షకు పైగా చనిపోయాయని అంచనా. ఆ ఫోటోలు బయటికి వచ్చాక ఊరి పెద్దలు, చర్చిలు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వం అందరూ కలిసి పనిచేశారు. 2013లో అక్కడ ఒక్క వల కూడా పడలేదని నివేదికలు వచ్చాయి. పిట్టలు పట్టినవాళ్ళే కాపలాదారులయ్యారు. ఆ డేగ ఎంత దూరం వెళ్తుందో ఆ పల్లెలవాళ్ళకు తెలియడం ఈ మార్పుకు ఎంతో తోడ్పడింది. విచిత్రమేమిటంటే, అరేబియా సముద్రం దాటేటప్పుడు ఆ డేగలు దారిలో తినేది ఈ తూనీగలనే కావచ్చునని ఆండర్సన్ అభిప్రాయం. రెండూ ఒకే కాలంలో, ఒకే గాలిలో, ఒకే వైపుకు వెళ్తాయి.

కాబట్టి ఆశ్చర్యం తలుపు తెరుస్తుంది. కానీ ఆ తలుపులోంచి ఎవరెవరు లోపలికి రావాలన్నది వేరే ప్రశ్న.

ఇక రెండవ కారణం ఉపయోగం. మన తీరవాసులకు దీని విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి, వేలాదిమంది ప్రాణాలు పోయాయి. ఆ తరువాతనే తీరం వెంబడి గాలికి అడ్డుగా సరుగుడు తోటలు పెంచడం ముమ్మరమయింది. నిజాంపట్నం వైపు మడ అడవులు అలల ధాటిని ఆపుతాయి, రొయ్యకూ చేపకూ పురిటిల్లుగా ఉంటాయి. తూనీగ సంగతీ అంతే, నీళ్ళలో ఉన్నప్పుడు దోమ పిల్లల్ని, రెక్కలు వచ్చాక దోమల్ని తింటుంది. వీటిని కాపాడితే మనల్ని మనం కాపాడుకున్నట్లే. నిజమే, కానీ అది లెక్క. లెక్క మంచిదే, తప్పనిసరి కూడా. అయితే లెక్క మారుతుంది. నిన్న పనికిరానిది ఇవాళ పనికొస్తుంది, ఇవాళ పనికొచ్చినది రేపు అడ్డవుతుంది.

మన దేశపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టమే దీనికి సాక్ష్యం. అందులో ఐదవ షెడ్యూలు అని ఒకటి ఉండేది. హానికర జంతువులుగా లెక్కించి, వేట నిషేధం వర్తించకుండా వదిలేసిన ప్రాణుల జాబితా అది. కాకి, ఎలుక, పండ్లు తినే గబ్బిలం అందులో ఉండేవి. ఆ గబ్బిలమే రాత్రిపూట పూలకు పరాగం మోస్తుందని, విత్తనాలు దూరదూరాలకు చేర్చి చెట్లు మొలిపిస్తుందని శాస్త్రజ్ఞులు ఎప్పటినుంచో చెబుతూ వచ్చారు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ షెడ్యూలును తీసివేశారు. అవసరమైతే ఒక జంతువును హానికరమైనదిగా ప్రకటించే అధికారం మాత్రం కేంద్ర ప్రభుత్వానికి ఉంది. పంట నష్టపోయిన రైతును చూసినవారు ఆ అధికారాన్ని పూర్తిగా తప్పు పట్టలేరు. మేము చెప్పేది ఒక్కటే. ఏభై ఏళ్ళపాటు ఆ గబ్బిలం మారలేదు, మారింది మన జాబితా.

ఆశ్చర్యమూ లేదు, ఉపయోగమూ లేదు. అప్పుడు మిగిలేదేమిటి? పిల్లవాడు అడిగింది అదే. వాడికి అక్కడ మేము చెప్పలేకపోయింది ఇంటికి వచ్చాక హదీసు గ్రంథాలలో వెతికాము. కొత్తవి కావు, చిన్నప్పటినుంచి విన్నవే. కానీ ఈ ప్రశ్నను మనసులో పెట్టుకుని చదివితే వేరుగా కనబడ్డాయి.

అబూదావూద్ గ్రంథంలో హజ్రత్ అబ్దుల్లా బిన్ మస్ఊద్ (రజి) చెప్పిన సంఘటన ఒకటి ఉంది. ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పిట్ట పిల్లలను రెండింటిని తీసుకున్నారు. తల్లి వచ్చి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, దీని బిడ్డల విషయంలో దీనిని ఎవరు బాధపెట్టారని అడిగి, వాటిని తిరిగి ఇచ్చివేయమని ఆదేశించారు. సాధారణంగా మనం ఇంతవరకే చెప్పుకుంటాము. ఆ హదీసు అక్కడ ముగియదు. అదే ప్రయాణంలో సహచరులు కాల్చివేసిన చీమలపుట్టను కూడా ఆయన (స) చూశారు. దాని గురించి కూడా అదే విధంగా, ఎవరు కాల్చారని అడిగారు, నిప్పుతో శిక్షించే హక్కు నిప్పుకు ప్రభువైన అల్లాహ్‌కే ఉన్నదని మందలించారు. తల్లి పిట్టను చూస్తే ఎవరికైనా గుండె కరుగుతుంది. చీమలపుట్టను చూస్తే ఎవరికి కరుగుతుంది? ఒకే సంఘటనలో రెండింటికీ ఒకే ప్రశ్న వేయబడింది. ఆ పిట్ట ఎంత దూరం ఎగురుతుందో, ఆ చీమలు పొలానికి ఏం మేలు చేస్తాయో అక్కడ చర్చే లేదు.

బుఖారీలో ఉన్న ఇంకొక సంఘటన మాకు మరీ దగ్గరగా తగిలింది. ఒక ఇంట్లో కుర్రవాడు కోడిని కట్టేసి దాని మీద బాణాలు వేస్తున్నాడు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) అక్కడికి వచ్చారు. తానే స్వయంగా వెళ్ళి కోడి కట్లు విప్పారు. కోడినీ కుర్రవాడినీ వెంటబెట్టుకుని వచ్చి, ఇలా ప్రాణులను కట్టివేసి చంపకుండా మీ పిల్లల్ని ఆపండని ఇంటివారికి చెప్పారు. దైవప్రవక్త (స) దీనిని నిషేధించగా తాను విన్నానన్నారు. గమనించండి, అది కోడి. మర్నాడు ఆ ఇంట్లోనే కోసి వండుకున్నా ఎవరూ తప్పు పట్టరు. తినడం ధర్మసమ్మతమైన ప్రాణినే ఆటకు గురిగా పెట్టడం నిషిద్ధమయింది. అంటే ఇక్కడ విషయం ఆ ప్రాణి ఎంత గొప్పది అన్నది కాదు. దాని బాధ మనకు ఆట కావడం.

ఇదే కారణంతో మనం పసిరిక పిట్టను నిందించలేము. అది తూనీగను తీగకు కొట్టి మింగుతుంది, అది దాని అన్నం. ఆ రోజు మధ్యాహ్నం మేమూ చేపల కూరతోనే అన్నం తిన్నాము. దోమను చంపుతాము, ఇంట్లో చెదలు పడితే మందు కొడతాము. అవసరం ఉన్నచోట ఇస్లాం మనిషి చేతులు కట్టేయలేదు. ఏ ప్రాణినీ ముట్టుకోకుండా బతకగలమన్నవాడు ఒక పూట కూడా బతకలేడు. అయితే అవసరం అన్న మాటను మనం ఎంత తేలికగా వాడతామో చూడండి. తిరిగి వచ్చేటప్పుడు మత్స్యకారులు అలివి వల లాగుతున్నారు. వలలో అమ్ముడుపోని చిన్న చేపలు, బుడగలా ఉబ్బే చేపలు పడ్డాయి. వాటిని ఏరి ఇసుక మీద పడేశారు. వాళ్ళను అనడానికి మాకు నోరు రాలేదు. తెల్లవారుజామున నీళ్ళలో దిగిన మనిషికి ఒక్కొక్క చేపా ఏరి నీటిలో వదిలే తీరిక ఉంటుందా? కానీ అక్కడ చుట్టూ మాలాగా ఊరికే నిలబడి చూస్తున్నవాళ్ళం పదిమందిమి ఉన్నాము. నీళ్ళు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి. మాకేం అవసరం అడ్డువచ్చింది? ఒక ఉబ్బిన చేపను ఎవరో కుర్రాడు కాలితో తన్నాడు, అందరూ నవ్వారు. మేము నవ్వలేదు, వంగనూ లేదు.

దివ్య ఖుర్ఆన్‌లో తేనెటీగ పేరిట ఒక సూరా ఉంది, చీమ పేరిట ఒకటి, సాలెపురుగు పేరిట ఒకటి. తేనెటీగ సరే, తేనె ఇస్తుంది. సాలెగూడు ఇళ్ళన్నిటిలోకి బలహీనమైన దానికి ఉపమానంగా వచ్చింది. చీమల సూరాలో ప్రవక్త సులైమాన్ (అ) సైన్యం లోయలోకి వస్తుంటే ఒక చీమ తన తోటి చీమలను హెచ్చరిస్తుంది, వాళ్ళకు తెలియకుండానే మనల్ని తొక్కివేస్తారేమో, ఇళ్ళలోకి వెళ్ళండని. చీమ కూడా ఆ సైన్యానికి సంశయలాభం ఇచ్చింది! తెలియక తొక్కుతారేమో అన్నదే గానీ కావాలని తొక్కుతారని అనలేదు. సులైమాన్ (అ) ఆ మాటకు చిరునవ్వు నవ్వి, తన ప్రభువుకు కృతజ్ఞత తెలుపుకున్నారు. తెలియక పడే అడుగు వేరు. ఆ ఉదయం మా పిల్లవాడి అడుగు తెలియనిది కాదు. అన్నీ అడిగి తెలుసుకుని, ఎక్కడికీ వెళ్ళదని, లేకపోయినా ఏమీ కాదని తేల్చుకున్నాక ఎత్తిన కాలు అది.

ఇదంతా ఇంత పొడుగున ఎందుకు రాస్తున్నామంటే ఇది పురుగులతో ఆగే లెక్క కాదు. మాస్టారు ఉపయోగం గురించి చెబుతున్నప్పుడు, "ఇదొక్కటి లేకపోతే ఏమవుతుంది?" అని పిల్లవాడు అడిగినప్పుడు, వాడి తాత ఎడమచేతిని కుడిచేత్తో ఒత్తుకుంటూ కూర్చున్నారు. పక్షవాతం వచ్చినప్పటినుంచి ఆయన నోట తరచూ వచ్చే మాట ఒకటి ఉంది, నేనింక ఎవరికీ పనికిరానని. మేము ప్రతిసారీ అలా అనకండి అంటాము. వెంటనే ఆయన పనికొచ్చే సంగతులేవో వెతికి చెబుతాము, మనవడికి ఖుర్ఆన్ చదవడం నేర్పుతున్నారుగా, ఇంటికి పెద్దదిక్కుగా ఉన్నారుగా అని. మంచి మాటలే. కానీ ఆ మాటల్లో ఉన్నది కూడా అదే తక్కెడ. ఆ చదువు కూడా చెప్పలేని రోజు వస్తే మా దగ్గర ఉన్న మాట ఏమిటి? మాటే రాని, మనిషినే గుర్తుపట్టలేని వృద్ధులు ఎన్ని ఇళ్ళల్లో లేరు! వారిని చూసుకుంటున్న కోడళ్ళను, కొడుకులను అడగండి, ఏ ఉపయోగం చూసి చూసుకుంటున్నారని. చాలామందికి ఆ ప్రశ్నే అర్థం కాదు.

బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న దాహంతో ఉన్న కుక్క హదీసు అందరికీ తెలిసినదే. సమాజం చీదరించుకునే ఒక స్త్రీ, బావి దగ్గర నాలుక చాపి రొప్పుతున్న కుక్కను చూసి, తన మేజోడుతో నీళ్ళు తోడి తాపింది. అల్లాహ్ ఆమెను క్షమించాడు. ఆ కుక్క ఆమె ఇంటికి కాపలా కాసేది కాదు, ఆమె మందను కాసేది కాదు. మళ్ళీ ఆమెకు కనబడిందో లేదో కూడా తెలియదు. దానికి దాహం వేసింది, అంతవరకే ఆమెకు తెలుసు.

తోటలో ఆ తరువాత ఏం జరిగిందో చెప్పలేదు కదూ! పెద్దవాళ్ళం ముగ్గురం జవాబు కోసం తడుముకుంటుంటే పిల్లవాడి కాలు గాలిలోనే ఉండిపోయింది. ఈలోగా రోకలిబండ చుట్ట విప్పుకుని, తన వందల కాళ్ళతో తాపీగా ఆకుల కిందికి వెళ్ళిపోయింది. వాడు కాలు దించాడు. మేము గెలిచామని చెప్పడానికి లేదు. అది తప్పించుకుంది, అంతే.

బస్సు ఎక్కేదాకా వాడు ఏమీ మాట్లాడలేదు. కిటికీ పక్కన కూర్చుని జేబులోంచి దారం ముక్క తీసి వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నాడు. కొంత దూరం వచ్చాక మమ్మల్ని అడిగాడు:

"మీరు చిన్నప్పుడు తూనీగకు దారం కట్టారా?"

కట్టామని చెప్పాము. అబద్ధం చెప్పడానికి వీలులేని ముఖంతో అడిగాడు.

"తర్వాత అది ఏమయింది?"

"కిటికీ ఊచకు కట్టేసి అన్నానికి వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి చీమలు పట్టేశాయి."

"అప్పుడేం చేశారు?"

"ఇంకొకటి పట్టుకున్నాం" అని చెప్పాము.